నోటికి తగ్గ మేత



ఈవేళ నేను చెప్పబోయే సంగతి వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. చంటిపిల్లలకు ఏ నెలలో ఏం తినిపించాలి, పాడిగేదెకు దాణా ఎంత కలపాలి, వానాకాలంలో పప్పులు పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలి - ఇవన్నీ మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నవే. గాజు తొట్టిలో పెంచుకునే ఒక వింత జీవికి ఏ మేత కొనాలన్నది మాత్రం మన మధ్య కొత్త ముచ్చట. అయినా కాస్త ఓపిక పట్టండి. ఈ జీవి మీ ఇంట్లో ఉండకపోవచ్చు. కాని పిల్లలు ముచ్చటపడి ఇంటికి తెచ్చి, ఆ తరువాత చదువులకో ఉద్యోగాలకో వెళ్ళిపోతూ మన చేతుల్లో పెట్టిపోయిన ప్రాణి ఏదో ఒకటి చాలా ఇళ్ళలో ఉంటుంది. దానికి ఏం పెట్టాలో వాళ్ళు సరిగా చెప్పరు, మనం సరిగా అడగం. తీరా అది తిండి మానేసిన రోజున మన గుండెల్లో రాయి పడుతుంది.

మా అక్క ఇంట్లో జరిగింది ఇదే.

అక్క వాళ్ళది సికిందరాబాదు. ఒక్కడే కొడుకు. ఇంజనీరింగు చదివే రోజుల్లో తన ఖర్చుల డబ్బు మిగిల్చుకుని ఒక గాజు తొట్టీ, అందులో ఒక ఆక్సలాటల్ అనే జీవినీ తెచ్చుకున్నాడు. జానెడు పొడుగు, లేత గులాబి రంగు, నాలుగు పొట్టి కాళ్ళు, తలకు రెండు పక్కలా మూడేసి ఈకల్లాంటి మొప్పలు. ముఖం చూస్తే ఎప్పుడూ చిన్నగా నవ్వుతున్నట్టే ఉంటుంది. వాడు దానికి గుండు అని పేరు పెట్టాడు. అక్క మొదట్లో, "బల్లిని ఇంట్ల పెట్టుకుంటరా ఎవరన్న?" అని నానా రభసా చేసింది. నిజానికి అది బల్లి కాదండీ, చేపా కాదు. కప్పలకు చుట్టం. తోకకప్ప పెద్దదై కాళ్ళు తెచ్చుకుని నేల మీదికి వస్తుంది కదా. ఇది మాత్రం మొప్పలు పోగొట్టుకోకుండా ఆ పసితనంలోనే జన్మంతా నీళ్ళలో ఉండిపోతుంది. బాగా చూసుకుంటే పది పదిహేనేళ్ళు బతుకుతుంది.

నిరుడు ఆగస్టులో పిల్లవాడు పైచదువుకు అమెరికా వెళ్ళాడు. విమానం ఎక్కబోతూ తల్లికి చెప్పిన మాటలు రెండే. "అమ్మా, గది చల్లగ ఉంచు. గుండుకు రెండు రోజులకోసారి ఫుడ్డు వెయ్యి." ఆ ఫుడ్డు ఏమిటో చెప్పలేదు. డబ్బా చూపించాడు, అంతే. ఆ డబ్బా రెండు నెలల్లో అయిపోయింది.

అక్టోబరులో ఒక రాత్రి అక్క ఫోను చేసింది. గొంతు బొంగురు పోయి ఉంది.

"చెల్లే, రేడియోల ఊరందరికి చెప్తవు గదా. ఇది పది దినాల సంది ఏం తింటలేదు. పొట్ట ఉబ్బి పైకి తేలుతున్నది. బాబుకు ఇంక చెప్పలే, పరీక్షలున్నయంట. ఏం చెయ్యమంటవే?"

రేడియోలో మాట్లాడినంత మాత్రాన అన్నీ తెలిసిపోతాయా? నేను పదో తరగతితో చదువాపేసినదాన్ని. కేసముద్రంలో కాపురం. చెరువు చేపలు తెలుసు కాని గాజు తొట్టి జీవుల సంగతి నాకేం తెలుసు? అయినా అక్క ఏడుస్తుంటే తెలియదని ఎలా అంటాను? రేపు వస్తున్నానని చెప్పాను.

తెల్లవారి మా వీధికి చేపలు తెచ్చే అవ్వను అడిగాను. ఫోనులో ఆ జీవి బొమ్మ చూపించి, "అవ్వా, ఇది ఏం తింటదంటవు?" అన్నాను. ఆమె బొమ్మను కిందా మీదా చూసి ఇలా అంది: "నన్నడుగుతవేంది బిడ్డా, దాని నోరు జూడు. బొచ్చెకు తవుడేస్తె తింటది. కొర్రమట్టకు తవుడేస్తె మొకం గూడ తిప్పది. అది మింగే నోరు. దీనిది గూడ మింగే నోరే. దీనికి ఎర్రలు పెట్టాలె."

ఎర్రలు అంటే వానపాములు. గాలానికి గుచ్చే ఎర్రలు. చదువుకున్నవాళ్ళు రాసినవి ఆ తరువాత చాలా చదివాను, పట్నంలో చేపలకూ ఇటువంటి జీవులకూ వైద్యం చేసే పశువైద్యుడితోనూ మాట్లాడాను. మొత్తం సారం అవ్వ చెప్పిన ఆ ఒక్క మాటలోనే ఉంది. మేత కొనేముందు డబ్బా మీది బొమ్మ కాదు, తినేదాని నోరు చూడాలి.

ఆ నోటి సంగతి కొంచెం చెబుతాను. ఈ ఆక్సలాటల్ పుట్టిల్లు మెక్సికో దేశం. ఆ దేశ రాజధానికి దక్షిణాన షోచిమిల్కో అనే పాత సరస్సు, దాని కాలువలు ఉన్నాయి. చల్లటి నీళ్ళు, అడుగున బురద. అక్కడ పురుగులు, వానపాములు, చిన్న రొయ్యలు, చేపపిల్లలు - ఏది ముందుకు వస్తే దాన్ని నీళ్ళతో సహా లోపలికి గుటుక్కున లాగేసుకుంటుంది. పళ్ళు ఉన్నాయి కాని అవి పట్టుకోవడానికే, నమలడానికి కాదు. చూపు అంతంతమాత్రం. వాసన వల్లా, నీటి కదలిక వల్లా మేతను పసిగడుతుంది. ఆకూ అలమూ, గింజా పిండీ దాని ఒంటికి పట్టవు. అది అడుగున నడిచే జీవి, మేత కోసం పైకి రాదు.

ఇంకో సంగతి కూడా తెలిసింది. 1864లో మెక్సికో నుంచి పారిస్ నగరానికి 34 ఆక్సలాటల్లను తీసుకుపోయారు. ఈనాడు లోకంలో ప్రయోగశాలల్లోనూ ఇళ్ళలోనూ ఉన్నవాటిలో చాలామటుకు ఆ వంశానివే. పుట్టింట్లో మాత్రం పరిస్థితి దారుణం. 1998లో లెక్కపెడితే చదరపు కిలోమీటరుకు ఆరు వేల వరకు ఉన్నవి, 2014 నాటికి 36కు దిగిపోయాయి. పుట్టింట్లో తిండికీ నీళ్ళకూ కరువై అంతరించిపోతున్న ప్రాణి, మన అల్మారా పక్కన గాజు తొట్టిలో మనం పెట్టే మేత మీద ఆధారపడి బతుకుతోంది. ఆ మాట చదివిన తరువాత నాకు దాని మీద నవ్వు పోయి జాలి వచ్చింది.

సరే, ఎర్రలు పట్టుకెళ్ళాలి. మా పక్క పత్తి, మిర్చి చేలల్లో పురుగుమందులు ఎంతగా కొడతారో మీకు తెలుసు. ఆ నేలల్లోని ఎర్రలను తీసుకుపోతే మనమే చేజేతులా విషం పెట్టినట్టు. అందుకని మా పెరట్లో, ఏ మందూ తగలని అరటిచెట్టు మొదట్లో తవ్వి పది పన్నెండు ఎర్రలు తీశాను. తడిమట్టి వేసిన డబ్బాలో పెట్టి, మూతకు చిల్లులు పొడిచి, చీర సంచిలో పెట్టుకుని రైలెక్కాను. పక్కన కూర్చున్నామె, "పచ్చడా అమ్మా?" అని అడిగింది. అవునని తల ఊపాను. ఇంకేం చెప్పను?

అక్క ఇంటికి వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద మూడు రకాల మేత వరసగా పెట్టి ఉంది. మన పల్లెల్లో గుళికలంటే పొలంలో చల్లే మందు గుళికలు గుర్తుకొస్తాయి కనుక నేను వీటిని మేత గోలీలు అంటాను. చేపల పొడి, సోయా పిండి, గోధుమ పిండి, నూనె, విటమిన్లు కలిపి ముద్ద చేసి యంత్రంలో పెట్టి ఒత్తిన గోలీలన్నమాట. మన జంతికల గొట్టం పని వంటిదే. అక్క ఆ మూడింటినీ పాపం డబ్బు పోసి కొన్నది. మూడూ పనికిరానివే. ఎందుకు పనికిరావో ఒక్కొక్కటే చెబుతాను. మేత ఎంచుకోవడం నేను నేర్చుకున్నది ఆ మూడు పొట్లాల దగ్గరే.

మొదటి పొట్లం మీద మెరిసిపోయే గోల్డ్‌ఫిష్ బొమ్మ ఉంది. వెనక సన్న అక్షరాలు చదివాను. ప్రొటీను 30 శాతం. అందులో కలిపిన వాటి పేర్లలో మొదటిది గోధుమ పిండి. మామూలుగా ఏది ఎక్కువ కలిస్తే దాని పేరు ముందు రాస్తారు. గోల్డ్‌ఫిష్ అన్నీ తినే చేప, దానికి ఈ మేత సరిపోతుంది. మాంసాహారి అయిన ఆక్సలాటల్‌కు కనీసం 40 శాతం, కుదిరితే 45 శాతం దాకా ప్రొటీను ఉండాలి. అదీ చేపల పొడి, రొయ్యల పొడి వంటి వాటినుంచి రావాలి కాని పిండి నుంచి కాదు. పైగా ఈ గోలీలు నీళ్ళ మీద తేలేవి. అడుగున పడుకున్న గుండుకు అవి కనిపించవు, అందవు. తినడం లేదని అక్క ఇంకో గుప్పెడు వేసింది. అవి నాని, విడిపోయి, అడుగుకు చేరి కుళ్ళాయి. కుళ్ళిన మేత నుంచి అమోనియా పుడుతుంది. మూసి ఉన్న పశువుల కొట్టంలోకి అడుగు పెట్టగానే ముక్కు అదిరే ఘాటు ఉంటుందే, అదే. ఆ నీళ్ళలోనే ఊపిరి తీసుకోవాల్సిన జీవికి ఎలా ఉంటుందో ఆలోచించండి. మొప్పలు మండితే ఆకలి ఎక్కడిది?

రెండో పొట్లం దుకాణంవాళ్ళు ఇచ్చినదే. "మాంసం తినేదైతే ఇది పెట్టండి" అన్నారట. ప్రొటీను 42 శాతం, మునిగే రకం, అంతవరకు బాగానే ఉంది. కాని ఒక్కో గోలీ శనగగింజంత, రాయిలాగా గట్టిగా ఉంది. పెద్ద పెద్ద చేపల కోసం చేసినది. రెండు గోలీలు గ్లాసు నీళ్ళలో వేసి ఉంచాను. రాత్రి పడుకునేసరికి రెండింతలు ఉబ్బాయి. ఇప్పుడు అర్థమైందా? గుండు నమలలేడు కదా, గోలీ మింగాడు, అది లోపల ఉబ్బింది. మర్నాడు కక్కాడు. పొట్ట ఉబ్బి పైకి తేలాడు. మనం నానబెట్టని శనగలు పసిపిల్లకు పెడతామా? ఆక్సలాటల్‌కు పెట్టే ఏ ముక్కయినా దాని రెండు కళ్ళ మధ్య ఉన్న ఎడం కంటే పెద్దది కాకూడదు. వేళ్ళ మధ్య నొక్కితే అణిగేంత మెత్తగా ఉండాలి. గట్టిదయితే దాని తొట్టి నీళ్ళే కొంచెం గిన్నెలోకి తీసి, మెత్తబడేదాకా నానబెట్టి వెయ్యాలి.

మూడోది పొట్లం కూడా కాదు, ప్లాస్టిక్ సంచి. పేరు లేదు, తేదీ లేదు. చవక అని కిలో తూచి ఇచ్చారు. మూతి విప్పగానే మాడిన పాత నూనె కంపు. అక్కడక్కడా ఉండలు కట్టి ఉంది. కేసముద్రం మార్కెట్ యార్డుకు మక్కలు తీసుకుపోయినవాళ్ళు ఎవరైనా చెబుతారు, తేమ 14 శాతం దాటితే కొనేవాళ్ళు వెనక్కి తిప్పుతారు. తేమ ఉంటే బూజు పడుతుంది, బూజులో కంటికి కనపడని విషం పుడుతుంది, అది కోళ్ళకూ పశువులకూ మనకూ కాలేయాన్ని చెడగొడుతుంది. మక్కల విషయంలో అంత జాగ్రత్తపడే మనం, అటువంటి గింజల పిండితోనే చేసిన గోలీలను సంచి మూతి విప్పి వంటింటి అల్మారాలో నెలల తరబడి ఉంచుతామా? గోలీలలో తేమ పది శాతం లోపు ఉండాలి. పొట్లం మీద అది కూడా రాసి ఉంటుంది. నూనె ముక్కిపోతే విటమిన్లు కూడా పోతాయి. కిలో సంచి చవక అనుకోకండి. ఒక్క జీవి ఉన్న ఇంటికి రెండు మూడు నెలల్లో అయిపోయే చిన్న డబ్బా చాలు. తయారైన తేదీ చూసి కొనాలి, మూత బిగించి చల్లని చోట పెట్టాలి, తడి చేయి పెట్టకూడదు. మన కారప్పొడి జాడీకి ఉన్న మడే దీనికీ.

ఇవి కాక అక్క ప్రేమకొద్దీ ఉడికించిన కోడిమాంసం కూడా ఒకటి రెండుసార్లు పెట్టిందట. కోడి, మేక మాంసం దాని అలవాటు తిండి కాదు. ఆ కొవ్వును అరిగించుకోలేదు. మార్కెట్లో దొరికే బతికిన చిన్న చేపలను వేసినా వాటి రోగాలు దీనికి అంటుకుంటాయి. ప్రేమ ఉన్నంత మాత్రాన పథ్యం కుదరదండీ.

ఆ పూట మేం మొదట చేసింది మేత పెట్టడం కాదు, నీళ్ళు బాగు చేయడం. అడుగున కుళ్ళిన మేతనంతా గొట్టంతో తీసేశాం. ఉన్న నీళ్ళలో నాలుగో వంతు మార్చాం. మునిసిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కనుక ముందురోజే ఫోన్ చేసి రెండు బిందెలు పట్టి ఉంచమన్నాను. మొత్తం నీళ్ళు ఒకేసారి మార్చకూడదట. వడపోత స్పంజిని సబ్బు పెట్టి కడగకూడదట. అందులో అమోనియాను విరిచే మంచి సూక్ష్మజీవులు ఉంటాయి. మన పెరుగుకు తోడు ఉన్నట్టన్నమాట. తోడు పారబోసుకుంటే మళ్ళీ పేరుకోవడానికి వారాలు పడుతుంది. మర్నాడు పశువైద్యుడు చూసి, పొట్ట తగ్గేదాకా రెండు రోజులు ఏమీ పెట్టవద్దన్నాడు. అక్కకు అది అన్నిటికంటే కష్టమైంది. "పది దినాల సంది తింటలేదు, ఇంక పస్తు పెట్టుమంటడా?" అని గొణిగింది. తల్లి మనసు కదా.

మూడో రోజు రాత్రి దీపాలు తగ్గించి, ఒక చిన్న ఎర్రను శుభ్రంగా కడిగి, పొడవాటి ప్లాస్టిక్ చిమటాతో పట్టి దాని మూతి ముందు మెల్లగా కదిలించాం. ఒక నిమిషం కదలలేదు. రెండు నిమిషాలు కదలలేదు. అక్క ఊపిరి బిగబట్టింది. ఒక్కసారిగా తల తిప్పి గుటుక్కున లాగేసుకుంది. అక్క కుర్చీలో కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. అరవై పెళ్ళిళ్ళకు వంట చేసిన చేయి, ఒక ఎర్ర తినిపించి వణికిపోయింది.

మరి ఎర్రలే ఇంత మంచివైతే గోలీలు ఎందుకని మీరు అడగవచ్చు. నిజమే, పెద్ద ఆక్సలాటల్‌కు అన్నిటికంటే మంచి తిండి ఎర్రలే. కాని పట్నంలో మేడమీది ఇంట్లో ఎర్రలు ఎక్కడ దొరుకుతాయి? ఎరువుల గుంటల్లో పెంచే సన్నటి ఎర్రటి రకం ఉందే, అది ముట్టుకోగానే పసుపుపచ్చటి చేదు రసం వదులుతుంది. చాలా ఆక్సలాటల్లు దాన్ని ఊసేస్తాయి. కనుక గోలీలు అలవాటు ఉండాలి. ఇదేం తప్పు పని కాదు. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయంలో పరిశోధనల కోసం ఆక్సలాటల్లను పెద్ద ఎత్తున పెంచుతారు. అక్కడ పెద్దవాటికి పెట్టేది సాల్మన్ చేపల కోసం చేసిన గోలీలే. మన దగ్గర కొర్రమట్టను తొట్లలో పెంచేవాళ్ళు కూడా మొదట బతికిన మేతతో మొదలుపెట్టి, మెల్లగా గోలీలకు మళ్ళిస్తారు. కడుపు నిండా ఉన్నప్పుడు కొత్త తిండి ఎవరూ ముట్టరు కదా. ఒక పూట ఆగి, నానబెట్టిన గోలీని చిమటాతో మూతి ముందు కదిలించాలి. ఊసేస్తే తీసేసి మర్నాడు మళ్ళీ చూడాలి. గుండు మూడు వారాలకు దారికి వచ్చాడు. ఇప్పుడు వారంలో ఒకసారి ఎర్ర, మిగతా రోజుల్లో గోలీలు. ఎర్రలు నేనే పంపుతున్నాను. మా బావగారు అప్పుడప్పుడు, "కేసముద్రం నుంచి పసుపు వస్తదనుకున్న, పురుగులొస్తున్నయి" అని నవ్వుతారు.

నేను చెప్పినదంతా గుర్తుండకపోవచ్చు. కాగితం, పెన్సిలు దగ్గర ఉంటే రాసుకోండి.

మొదటిది, ప్రొటీను. ఆక్సలాటల్‌కు 40 నుంచి 45 శాతం, పేర్లలో మొదటిది చేపో రొయ్యో అయి ఉండాలి. గోల్డ్‌ఫిష్‌కు 30, 35 శాతం చాలు.

రెండోది, మునక. అడుగున తిరిగేదానికి మునిగే గోలీలు. కొర్రమట్ట పైకి వచ్చి తింటుంది కనుక దానికి తేలేవి. ఎంత తిన్నాయో కూడా కంటికి కనిపిస్తుంది.

మూడోది, పరిమాణం, మెత్తదనం. కళ్ళ మధ్య ఎడాన్ని మించకూడదు. కొత్త డబ్బా తెచ్చిన రోజే రెండు గోలీలు గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. ఎంత ఉబ్బుతుందో, ఎంతసేపట్లో మెత్తబడుతుందో, చిటికెలో విడిపోయి నీళ్ళు మురికి చేస్తుందో ఆ గ్లాసే చెబుతుంది.

నాలుగోది, తాజాదనం. తేదీ చూడండి, వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే డబ్బు పోయిందనుకోకుండా పారేయండి.

ఐదోది, కొలత. పెద్ద ఆక్సలాటల్‌కు రెండు మూడు రోజులకు ఒకసారి చాలు, పిల్లవాటికి రోజూ కావాలి. పొట్ట వెడల్పు తల వెడల్పుతో సమంగా ఉంటే సరిపోయినట్టు. తలను మించితే ఎక్కువ పెడుతున్నారని అర్థం. మిగిలింది పావుగంటలో తీసేయాలి. మేత వేసే పని ఇంట్లో ఒక్కరిదే కావాలి. అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి, పనిమనిషి ఒకసారి వేస్తే ఆకలితో కాదు, ఆదరంతో చస్తుంది.

ఇంకొక్క మాట చెప్పకపోతే తప్పవుతుంది. ఈ ప్రసంగం విని ఎవరైనా పిల్లలు ఆక్సలాటల్ కావాలని మారాం చేస్తే దయచేసి తొందరపడకండి. దానికి 16 నుంచి 18 డిగ్రీల నీళ్ళు కావాలి. 22, 24 దాటితే ప్రాణానికే ముప్పు. మన కేసముద్రంలో మే నెల ఎండ 44 డిగ్రీలు. కరెంటు పోయిందంటే తొట్టి నీళ్ళు గోరువెచ్చనవుతాయి. అక్క ఇంట్లో నీళ్ళు చల్లబరిచే యంత్రం, దానికి ఇన్వర్టరు ఉన్నాయి కనుక చెల్లింది. వేడినీళ్ళలో ఎంత మంచి గోలీ వేసినా తినదు, తిన్నా అరగదు. పైగా ఇది అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్న జీవి. ఇటువంటివి ఇంట్లో ఉంటే ప్రభుత్వం వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో నిబంధనలు వచ్చాయి. మా బావగారితో ఆ పనీ చేయించాను. ఎర్రలు మన పెరట్లో ఉన్నాయి కాని ఆ చల్లని నీళ్ళు మన ఊళ్ళో లేవు. మా చిన్నవాడు అడిగితే ఈ మాటే చెప్పి, నాలుగు గోల్డ్‌ఫిష్‌లతో సరిపెట్టాను. వాటి గోలీలను కూడా గ్లాసులో వేసి చూసే కొన్నాను.

చివరికి కథ ఏమైందో చెప్పి ముగిస్తాను. డిసెంబరులో పరీక్షలయ్యాక అక్క కొడుకు వీడియోలో మాట్లాడుతూ, "అమ్మా, గుండు బాగున్నడా? ఏది, చూపించు" అన్నాడు. అక్క ఫోను తొట్టి దగ్గర పెట్టింది. కాసేపు మురిసిపోయాడు. అప్పుడు అక్క ఉండబట్టలేక అక్టోబరులో జరిగిందంతా చెప్పేసింది. వాడికి కోపం వచ్చింది. "పది రోజులు తినకుంటే నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

అక్క ఒక్క క్షణం ఆగి, "నువ్వు తిన్నవా బిడ్డా అని నేను రోజు అడుగుత. తిన్న తిన్న అంటవు. నువ్వు నిజం చెప్తున్నవా?" అంది.

అటునుంచి జవాబు లేదు. నేను పక్కనే ఉన్నాను, వాడు కళ్ళు దించుకోవడం చూశాను. కాసేపటికి, "పొద్దున సరిగ తింటలేనమ్మా, టైమ్ ఉండది" అన్నాడు. ఆ రోజునుంచి తల్లీకొడుకుల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఇక్కడ గుండు ఏం తిన్నాడో ఈమె చెప్పాలి. అక్కడ తను ఏం తిన్నాడో వాడు చెప్పాలి. అబద్ధం ఆడకూడదు.

ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది. మొన్న అక్క ఫోను చేసి, "ఉప్మా చేసుకున్నడంటనే" అని సంబరంగా చెప్పింది. గుండు ఎలా ఉన్నాడని అడిగితే, "మంచిగున్నడు, పొట్ట తలంతనే ఉన్నది" అంది.

సెలవు. నమస్కారం.